అత్తెసరు చలి, అరగజం పూలతోట

ధనుర్మాసంలో చెన్నైలో తెల్లవారుజామున 21, 22 డిగ్రీలుంటుంది. ఆ మాత్రానికే మా పశ్చిమ మాంబళం వీధుల్లో మంకీ క్యాపులు, మఫ్లర్లు బయటికొస్తాయి. పాలపాకెట్టు కోసం బయల్దేరిన పెద్దాయన స్వెట్టరు గుండీలు మెడదాకా పెట్టుకుని "ఎన్న కుళిరు సార్!" అంటూ వణుకుతాడు. ఈ నగరంలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 13.9 డిగ్రీలు, అదీ వందేళ్ళ కిందటి మాట. అంటే చెన్నైలో మొలిచిన ఏ మొక్కా తన జన్మలో మంచు గడ్డకట్టడం చూడలేదు, చూడబోదు. అలాంటి ఊళ్ళో కూర్చుని నేను 'చివరి మంచు పడే తేదీ' నుంచి వెనక్కి వారాలు లెక్కగట్టి, ఇంట్లోపల విత్తనాలు మొలకెత్తించే పథకం వేశాను. పథకం మాత్రం చాలా అందంగా వచ్చింది. ఎక్సెల్‌లో వేసి, ఒక్కో పువ్వుకీ ఒక్కో రంగు గడి పెట్టి, ప్రింటు తీయించి ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

ఈ జబ్బు నాకు న్యూజెర్సీ నుంచి వాట్సాప్ వీడియో కాల్ ద్వారా సోకింది. అక్కడుంటున్న మా చెల్లెలికి ఫిబ్రవరిలో పెరట్లో గడ్డపార దిగదు. మంచు భయం పోవాలంటే ఏప్రిల్ చివరో, మే మొదటి పక్షమో రావాలి. అప్పటిదాకా ఆగి విత్తితే పువ్వు కళ్ళజూసేసరికి వేసవి సగం అయిపోతుంది. అందుకని ఆరు నుంచి ఎనిమిది వారాలు ముందుగానే బేస్‌మెంట్‌లో ఇనుప అరలు కట్టి, ట్రేల్లో విత్తనాలు వేసి, కింద వెచ్చబెట్టే కరెంటు చాపలు పరిచి, పైన లైట్లు వేలాడదీసి నారు పెంచుకుంటారు. తెలుగువాళ్ళ బేస్‌మెంట్లలో మొదటి అర గోంగూరకీ వంకాయకీ పచ్చిమిరపకీ రిజర్వు. మా చెల్లెలు ఈమధ్య పై అరలో పూలు మొదలుపెట్టింది. "అన్నయ్యా, ఇది స్నాప్‌డ్రాగన్, ఇది లార్క్‌స్పర్, ఆ మూలనున్నది స్వీట్ పీ. వేసవిలో పొడుగు కాడలతో కోసి ఇంటినిండా వేజుల్లో పెట్టుకుంటాను" అని ఫోను ట్రేల మీద తిప్పి చూపించింది. చిన్నప్పుడు తులసికోటలో చెంబెడు నీళ్ళు పొయ్యమంటే కాలు నొప్పనేది. ఆ పిల్ల ఇంత చేస్తుంటే నేను చూస్తూ ఊరుకోవడమా?

పైగా మాది కడియం పక్క ఊరు. గోదావరి కాలవల కింద, కడియపులంక నర్సరీల నుంచి దేశం నలుమూలలకీ మొక్కల లారీలు బయల్దేరే చోటు. అక్కడ బడికెళ్ళే పిల్లలకి కూడా అంటు కట్టడం వచ్చు. నాకు రాదు. నేను లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుని ఉద్యోగానికి మద్రాసు వచ్చేశాను. చెన్నై నర్సరీల్లో బేరమాడి కొనుక్కునే మొక్కల్లో ఎన్నో ఆ కడియం లారీల్లోంచి దిగినవే. మా ఊరి మొక్కలు ఇక్కడికొచ్చి శుభ్రంగా వేళ్ళూనుకున్నాయి. వాటికంటే ముందొచ్చిన నేను మాత్రం నారు పోయడం ఎలాగో అమెరికా వీడియోలు చూసి నేర్చుకున్నాను.

ఇక తోట సంగతి. మా అపార్ట్‌మెంటు మిద్దె మీద, నీళ్ళ ట్యాంకుకీ బట్టలారేసే తీగలకీ మధ్య నాకు దొరికిన జాగాలో ఒక నవారు మంచం పడుతుంది, దాని పక్కన మనిషి నిలబడలేడు. అదైనా ఊరికే రాలేదు. అసోసియేషన్ సెక్రటరీ గారు షరతులు పెట్టారు: స్లాబు చెమ్మెక్కకూడదు, గ్రో బ్యాగుల కింద ఇనుప స్టాండ్లు ఉండాలి, మట్టినీళ్ళు ఎవరి పంచెల మీదా పడకూడదు. ఆ మంచమంత జాగాకి నేను వేసిన పథకంలో ఎత్తు పూలు వెనక వరస, పొట్టివి ముందు వరస, రెండు వారాలకోసారి విడతలవారీ విత్తనం, రంగుల పొందిక, ఏ వారం ఏ గదిలో ఏ వేజు అనే జాబితా, అన్నీ ఉన్నాయి. విత్తే తేదీలు లెక్కగట్టే ఒక యాప్ దొరికింది. అందులో చెన్నై అని కొడితే, ఈ ప్రాంతానికి మంచు తేదీ లేదంది. యంత్రం అంత స్పష్టంగా చెప్పినా నేను తగ్గలేదు. మా చెల్లెలి పిన్‌కోడ్ ఇచ్చాను. తేదీలు చకచకా వచ్చేశాయి.

మా ఆవిడ బ్యాంకులో ఆడిట్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. ఫ్రిజ్ తలుపు మీది పట్టిక నిలబడి మొత్తం చదివింది.

"ఏమండీ, మే పదో తారీకున ఈ నారంతా మిద్దె మీదికి మారుస్తారా?"

"అవును. అప్పటికి మంచు భయం ఉండదు."

"ఆ రోజున మిద్దె మీద చెప్పుల్లేకుండా మీరు నిలబడగలరా?"

నేను జవాబు చెప్పలేదు. ఆడిటర్లు అడిగే ప్రశ్నలకి అక్కడికక్కడే జవాబు చెప్పకూడదని ఆవిడే నాకు ఒకప్పుడు చెప్పింది.

అసలు చిక్కు ఎండది ఒక్కటే అయితే సర్దుకునేవాణ్ణి. రెండో చిక్కు కాడ. మన ఇళ్ళల్లో పువ్వుకి కాడతో పనిలేదు. మల్లెలు, కనకాంబరాలు మాలకెక్కుతాయి, బంతులు తోరణానికి, గులాబీ జడకి. తొడిమ దగ్గర గిల్లితే చాలు. 1996లో తెరిచిన కోయంబేడు మార్కెట్‌లో గానీ, అంతకుముందు ప్యారిస్ కార్నర్ దగ్గర పూక్కడైలో గానీ పూలు గోతాలకెత్తి కిలోల్లో అమ్మడమే ఆనవాయితీ. మా వీధిలో పూక్కారమ్మ మూరల లెక్కన ఇస్తుంది. మూర అంటే ఆవిడ మోచెయ్యి నుంచి వేలి కొసదాకా; బేరమాడితే ఆ చెయ్యి కాస్త కుదించుకుపోతుంది. ఆవిడకి నేను ఫోనులో జిన్నియా కాడల ఫోటో చూపించి, ఇలాంటివి పండించబోతున్నానని గొప్పగా చెప్పాను. "కాడను ఏం చేస్తారు సార్?" అని అడిగింది. నీళ్ళలో పెట్టి చూస్తూ కూర్చుంటాం అన్నాను. ఆవిడ మా ఆవిడ వైపు జాలిగా చూసింది.

పొడుగు కాడ పూలు కావాలంటే ఈ ప్రాంతం వాళ్ళు హోసూరు వైపు చూడాలి. తెలుగు మాట వీధివీధినా వినిపించే ఆ సరిహద్దు ఊరి చుట్టూ పాలీహౌసుల్లో గులాబీలు పండించి, ఫిబ్రవరి 14కి ముందు విదేశాలక్కూడా పంపిస్తారు. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది కనుక చల్లగా ఉంటుంది. మాది మూడో అంతస్తు. ఆ తేడాని నేను పట్టించుకోలేదు.

విత్తనాలు తను పంపిస్తానంది మా చెల్లెలు. సూట్‌కేసులో ఆవకాయ తెచ్చినంత సుళువుగా విత్తనాలు తేవడానికి చట్టం ఒప్పుకోదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం బయటిదేశపు విత్తనానికి అనుమతి పత్రం, అక్కడి అధికారులిచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పరదేశపు తెగులు ఒక్కటి విత్తనంతో పాటు దిగితే ఇక్కడి పొలాలు దెబ్బతింటాయి. చట్టాన్ని గౌరవించి ఇక్కడే ఆన్‌లైన్లో కొన్నాను. నాకు కావలసిన చలిపూలన్నీ దొరికాయి. పాకెట్ల మీద బొమ్మలు ఎంత బాగున్నాయంటే, వెనక సన్న అక్షరాల్లో 'చల్లని వాతావరణంలో విత్తండి' అన్న వాక్యం చదవబుద్ధి కాలేదు.

లార్క్‌స్పర్ గింజ చలి తగిలితే గానీ సరిగ్గా మొలవదని వీడియోలో చెప్పారు. చెన్నైలో చలి దొరికే చోటు ఒక్కటే. గింజల్ని స్టీలు డబ్బీలో వేసి ఫ్రిజ్‌లో, కొత్తిమీర కట్ట వెనకాల దాచాను. నల్లగా, చిన్నగా ఉంటాయవి. పోపు పెట్టబోతూ మా అమ్మ ఆ డబ్బీ తీసి, "నల్ల జీలకర్ర ఫ్రిజ్‌లో పెట్టిందేవిటే కోడలా?" అంటూ మూత తెరిచింది. నేను హాల్లోంచి ఒక్క గంతులో వంటింట్లో పడ్డాను. లార్క్‌స్పర్ మొక్క మొక్కంతా విషమే, గింజలో మరీనూ. ఆ సంగతి చెప్పకుండా డబ్బీ లాక్కుందామనుకున్నాను గానీ, నా మొహమే చెప్పేసింది. ఆ సాయంత్రం మా ఆవిడ ఇచ్చిన ఆడిట్ నోట్ ఒక్క వాక్యం: "విషాన్ని కొత్తిమీర పక్కన దాచే మనిషి వేజుల గురించి మాట్లాడకూడదు." విత్తనాలు ఫ్రిజ్ నుంచి బహిష్కరింపబడ్డాయి. ఆ తీర్పు సబబైనదే. మీరూ పూలవిత్తనాలని తినే దినుసుల దరిదాపుల్లో పెట్టకండి.

తర్వాతది కొబ్బరిపీచు పొట్టు. నర్సరీవాళ్ళు నారు మట్టిలో పోయరు. కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపి 98 గుంతల ప్రోట్రేల్లో పోస్తారు. కోకోపీట్‌కి పొల్లాచ్చి పెట్టింది పేరు. అయిదు కిలోల ఇటుక చూడ్డానికి పెద్ద నిఘంటువంత ఉంటుంది. నీళ్ళు పోస్తే అరవై, డెబ్బై లీటర్ల పొట్టవుతుందని దాని మీదే రాసి ఉంది. నాలుగు ట్రేలకి అందులో పావువంతు కూడా అక్కర్లేదు. నేను ఇటుక మొత్తాన్నీ స్నానాల గదిలో బకెట్లో పెట్టి, పంపు తిప్పి, వీడియో మిగతా భాగం చూడ్డానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పెళ్ళికి ముందురోజు దిగిన చుట్టాల్లా పొట్టు బకెట్ దాటి, పీట దాటి, జాలీ దాకా పరుచుకుంది. మా ఇంట్లో ఆ రోజు ఎవరూ స్నానం చెయ్యలేదు. మిగిలిన పొట్టు ఇప్పటికీ బాల్కనీలో గోతాల్లో ఉంది. అడిగిన వాళ్ళకీ, అడగని వాళ్ళకీ ఇస్తున్నాను.

పట్టికలో తేదీల దాకా ఆగలేక, ట్రేలు పెట్టడానికి వంటింటి కిటికీ ఎంచుకున్నాను. న్యూజెర్సీలో చలి నుంచి కాపాడ్డానికి ఇంట్లో పెడతారు. చెన్నైలో జనవరి చివర ఇంట్లో పెట్టడం వల్ల ఆ విత్తనాలు కోల్పోయింది ఒక్కటే, వెలుతురు. గ్రిల్లు, దోమల జాలీ, ఎదురింటి గోడ దాటుకుని మా కిటికీలోకి వచ్చే వెలుగుతో పేపరు చదవచ్చేమో గానీ నారు పెరగదు. మొలకలు వెలుతురు వెతుక్కుంటూ సన్నగా, పాలిపోయి, జానెడు సాగి ఒక పక్కకి ఒరిగాయి. వాటికి బలం చాలలేదేమోనని నేను ఇంకాస్త నీళ్ళు పోశాను. అదనపు తడికి మొదలు దగ్గర కుళ్ళు పట్టి పొద్దుటికల్లా వరసలు వరసలుగా పడిపోయాయి. దీన్నే రైతులు నారుకుళ్ళు అంటారు. తడి ఎక్కువై, గాలి ఆడకపోతే నేలలో ఉండే శిలీంధ్రాలు చేసే పని. స్నాప్‌డ్రాగన్ గింజ పొడి అంత సన్నం. మీద మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. నేను జాగ్రత్త కొద్దీ వేలెడు మందాన కప్పాను. స్వీట్ పీ మొలిచి, ఇది ఏ ఊరో తెలుసుకుని, మానుకుంది.

మిగిలిన వాటిని నీళ్ళు చంపాయి. 2019 జూన్‌లో నగరానికి నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోయి లారీల వెనక బిందెలతో నిలబడిన రోజుల నుంచీ మా ఇంట్లో చుక్క నీరు వృథా పోనివ్వరు. ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు మొక్కలకి అని మా ఆవిడ ఆర్డరు. శుద్ధి చేసిన నీళ్ళలో ఉండకూడని ఉప్పులన్నీ ఆ వదిలేసే నీళ్ళలోనే ఉంటాయి. లేత ఆకుల అంచులు మాడిపోయాయి. గచ్చు కడుక్కోవడానికి పనికొచ్చే నీళ్ళు నారుకి పనికిరావని మాడిన ఆకులే చెప్పాయి.

విత్తి, ఇంకా మొలవని ట్రేల్లోంచి చీమలు గింజల్ని వరసకట్టి మోసుకెళ్ళాయి. వాటి పథకంలో మంచు తేదీ లేదు, విడతలు లేవు, అయినా పని పూర్తి చేశాయి. మా అమ్మ ట్రేల చుట్టూ చిటికెడు బియ్యప్పిండి చల్లింది. చీమలు పిండి వైపు తిరిగాయి. వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గేసే ఇళ్ళల్లో పెరిగిన మనిషికి చీమల బలహీనత ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు నేరం. చెల్లెలు ప్రతి ఆదివారం ఫోను చేసి "అన్నయ్యా, ఎంతవరకూ వచ్చింది?" అంటుంది. రెండు మూడు సార్లు "వస్తోంది, వస్తోంది" అన్నాను. ఒక ఆదివారం పొద్దున్నే టి.నగర్ వెళ్ళి, హోసూరు నుంచి వచ్చిన గులాబీలూ జెర్బెరాలూ కొని, కాగితం విప్పి, గాజు జాడీలో పెట్టి, కెమెరాలో అనుకోకుండా కనిపించేలా నా వెనక బల్ల మీద సర్దాను. నేను ఒక్క మాట కూడా అబద్ధం చెప్పలేదు. చెల్లెలు "అబ్బ, ఎంత బాగున్నాయి!" అంటే "ఏదోలేమ్మా" అన్నాను, అంతే. జెర్బెరా ఏ విత్తనం పాకెట్టులో ఉందని ఆ పిల్ల అడగలేదు. కానీ మా అమ్మ వెనకనుంచి వచ్చి, "ఒరేయ్, ఈ పూలకి ఎంతిచ్చావురా? కాడకి రబ్బరు బ్యాండు కూడా తియ్యలేదు!" అంది. న్యూజెర్సీలో నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఫోను పెట్టేశాక అమ్మ ఫ్రిజ్ తలుపు దగ్గరికెళ్ళి పట్టిక చూసింది. ఇంగ్లీషు రాదు గానీ తేదీలు చదవగలదు. "ఇది ఎక్కణ్ణుంచి లెక్కెట్టావు?" అంది. చివరి మంచు నుంచి అన్నాను. "మనకి మంచెక్కడ ఏడిసిందిరా? ఎండ నుంచి లెక్కెట్టు."

అమ్మ దగ్గరున్నది గోడకి వేలాడే పంచాంగం కేలెండరు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పధ్నాలుగు రోజులూ ఒక్కో కార్తె. మన రైతులు విత్తనమూ నాటూ కోతా అన్నీ ఆ కార్తెల మీదే చెప్పుకుంటారు. మే మొదటి వారంలో, భరణి కార్తె ఉండగానే మొదలయ్యే ఎండని తమిళులు అగ్ని నక్షత్రం అంటారు, కత్తిరి వెయిల్ అంటారు. అది కృత్తికంతా మండి రోహిణిలో దిగుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈ నగరంలో ఇప్పటిదాకా నమోదైన గరిష్ఠం 45 డిగ్రీలు, 2003 మే 31న, సరిగ్గా రోహిణిలోనే. మనకి గీత గీసేది ఆ ఎండ. మొక్క పూసి, కోతకొచ్చి, మన కళ్ళు చల్లబడడం అంతా దానికి ముందే జరిగిపోవాలి.

ఆ లెక్కన వెనక్కి వెళ్ళండి. జిన్నియా విత్తిన అరవై, డెబ్బై రోజులకి పూస్తుంది. కనుమ పండగ వెళ్ళిన వారంలో విత్తితే మార్చి నెలాఖరుకి కోత మొదలై, కత్తిరి వచ్చేలోగా ఒక నెలపాటు పూలు చేతికొస్తాయి. పొద్దుతిరుగుడు ఇంకా త్వరగా, రెండు నెల్ల లోపే. బొగడబంతికి, కోడిజుట్టుకి ఎండంటే భయంలేదు కాబట్టి కాస్త ఆలస్యమైనా ఊరుకుంటాయి. ఇవన్నీ ఆరుబయట, పొద్దుటి ఎండ తగిలే చోట మొలవాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో చెన్నై ఊరే కరెంటు అక్కర్లేని వెచ్చని చాప.

మరి ఇంట్లో నారు పెంచడం అనే కళ మనకి పనికిరాదా? పనికొస్తుంది, వేరే నెలలో. ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది. చెన్నై ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే పడుతుంది. ఆ వానకి విత్తనం కొట్టుకుపోతుంది, నారు మునుగుతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు మా వీధిలో చెట్లే నిలబడలేదు, ట్రేలెంత? కాబట్టి కార్తీకమాసంలో బాల్కనీ చూరు కింద, వెలుతురు తగిలేట్టు, జల్లు తగలకుండా ట్రేలు పెట్టి, వానలు వెనకబట్టాక డిసెంబరు చివర మిద్దె మీదికి మార్చాలి. అక్కడ మంచు నుంచి దాచినట్టు ఇక్కడ వాన నుంచి దాచాలి. ఆస్టర్ లాంటి సున్నితమైన పూలకి అదే అదను. వాటిలో కామిని, పూర్ణిమ, శశాంక్ అని మన వాతావరణానికి తగిన రకాలు బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసి పెట్టింది. చేమంతి పూర్తిగా వేరే దారి: రాత్రి పొడుగైతేనే అది మొగ్గ కడుతుంది. అందుకే ఆ పూలరాశులు కార్తీకం నుంచి మాఘం దాకా కనిపిస్తాయి. దాన్ని విత్తనంతో తంటాలు పడక్కర్లేదు, పిలకలు తెచ్చి వానాకాలం మొదట్లో నాటుకుంటే సరి.

ఇదంతా తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎప్పట్నుంచో ఉన్నారు. కేథడ్రల్ రోడ్డులో అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ పెట్టింది 1835లో. ఆ దారినే నేను దశాబ్దాల పాటు ఆఫీసుకి వెళ్ళాను. ఒక్కసారీ బస్సు దిగలేదు.

అమ్మ చెప్పిన ప్రకారం మిగిలిన గింజలు విత్తాను. అంటే అమ్మ చెబుతుంటే పనమ్మాయి విత్తింది, నేను ఫోటోలు తీశాను. జిన్నియాలు, బంతి, బొగడబంతి, కోడిజుట్టు లేచి నిలబడ్డాయి. ఈసారి నిజమైన మొక్కలే చెల్లెలికి చూపించాను. అది తన ట్రేలో మొలకలు చూపించి "ఇది సెలోషియా, పాకెట్ ఆరు డాలర్లు" అంది. అమ్మ కళ్ళజోడు పైకి తోసి దగ్గరగా చూసి, "ఇది మన చేలో పీకి గట్టున పారేసే గురుగు చుట్టమే కదే!" అంది. నిజమే. తెలంగాణలో బతుకమ్మ పేర్చే గునుగు, పట్టుకుచ్చులు, మా మిద్దె మీది కోడిజుట్టు, న్యూజెర్సీ బేస్‌మెంట్‌లో కరెంటు చాప మీద పడుకున్న సెలోషియా, అన్నీ ఒక్క ఇంటివే. మనం పరాయివనుకునే జిన్నియా, కాస్మాస్‌లదీ, మనవే అనుకునే బంతి, నేలసంపెంగలదీ పుట్టిల్లు మాత్రం ఒక్కటే, మెక్సికో. బంతి తోరణం కట్టని గుమ్మాన్ని మనం గుమ్మమే అనుకోం గానీ, దానికి మన ఊళ్ళో కాపురం పెట్టి కొన్ని శతాబ్దాలే అయింది.

ఇక కోతల రోజులు. కట్ ఫ్లవర్‌కి కొన్ని నియమాలున్నాయి. మొక్క జానెడు దాటగానే తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు పెరుగుతాయి. జిన్నియా కాడని కింద పట్టుకుని ఊపితే వంగకుండా నిటారుగా నిలబడాలి, అప్పుడే కోతకి సిద్ధం. ఎండెక్కక ముందే, ఏటవాలుగా, పొడుగు కాడతో కోసి, కింది ఆకులు దూసేసి వెంటనే నీళ్ళలో పెట్టాలి. నేను వీటన్నిటికీ సిద్ధపడి, ప్రత్యేకమైన కత్తెర కొని, ఏడున్నరకి మిద్దె ఎక్కాను. పూలు లేవు. కాడలు మాత్రం నిటారుగా, నియమం ప్రకారమే నిలబడి ఉన్నాయి.

కిందికి వస్తే దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామి పటం చుట్టూ నా జిన్నియాలు, తొడిమలు తీసి శుభ్రంగా పేర్చి ఉన్నాయి. అమ్మ అయిదింటికే స్నానం చేసి, పూలసజ్జ పట్టుకుని పైకి వెళ్ళొచ్చిందిట. "వాసన లేని పూలు దేవుడికి పెట్టరు గానీ, నువ్వు ఇంత కష్టపడ్డావని పెట్టాన్రా. కాడలు నీకే వదిలేశాను" అంది.

మర్నాడు ఆరింటికి లేచాను. ఆవిడ నాలుగున్నరకి లేచింది. వీడియోల్లో కుందేళ్ళకీ, జింకలకీ మందులు చెప్పారు గానీ అమ్మకి చెప్పలేదు. అయితే ఒక వింత జరిగింది. ఆవిడ రోజూ తొలిపువ్వులు గిల్లేసినందువల్ల మొక్కలు నాలుగు వైపులా కొమ్మలేసి గుబురుగా అయ్యాయి. నేను తుంచడానికి మనసొప్పక వదిలేసిన తలలన్నీ ఆవిడే తుంచింది. జిన్నియా గుణం అది, ఎంత కోస్తే అంత పూస్తుంది. ఏప్రిల్ నెలాఖరుకి దేవుడికి చాలినన్ని, పక్కింటి మామి శుక్రవారాలకి చాలినన్ని పూలు పూశాయి. నా వేజు వంతు కూడా వచ్చేది గానీ, ఆ గాజు జాడీలో అప్పటికే మా ఆవిడ కొత్త చింతపండు పెట్టేసుకుంది.

ఏడాది చివర మా ఆవిడ లెక్క తేల్చింది. స్టాండ్లు, సంచులు, ట్రేలు, పొట్టు, కత్తెర, ప్రింటు, జెర్బెరాలు అన్నీ కలిపి ఖర్చు ఒక వైపు, పూసిన పూలు ఒక వైపు. ఒక్కో జిన్నియా మూర మదురై మల్లెలకంటే ఖరీదు పడింది. అయినా ప్రాజెక్టు ఆపమనలేదు. "దేవుడి ఖాతాలో రాసేద్దాం, అక్కడ ఆడిట్ లేదు" అంది.

చెన్నైలో పూలు పెంచాలనుకునే తెలుగువాళ్ళకి నా మనవి. గోడ మీది పంచాంగంలో కత్తిరి ఎప్పుడో చూసుకుని, అక్కణ్ణుంచి మూడున్నర నెలలు వెనక్కి రండి. వానల్లో నారుని చూరు కింద పెట్టండి, సంక్రాంతి దాటాక ఎండలో పెట్టండి, వంటింటి కిటికీలో ఎప్పుడూ పెట్టకండి. బోరునీళ్ళు ఉప్పగా ఉంటే పట్టి ఉంచిన వాననీళ్ళు పొయ్యండి. కోకోపీట్ కావలసినంతే నానబెట్టండి. ఇప్పటికే ఎక్కువైతే మాత్రం మా ఇంటికి తీసుకురాకండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మొదటి వరస వాళ్ళ పేరు మీదే నాటండి. వాజమ్మలు ఏడున్నరకి కత్తెర పట్టుకుని మిద్దెక్కుతారు. పూలు మాత్రం నాలుగున్నరకి లేచిన వాళ్ళవే.